దిగినాక ఉండేదెక్కడ?



ఖమ్మం జిల్లా తల్లాడలో అద్దె ఇల్లు దొరకడం పెద్ద పనేమీ కాదు. వైరా నుంచి వచ్చే రోడ్డు ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట వైపు పోతుంది. రెండోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి, అక్కడి నుంచి భద్రాచలం అడవుల వైపు సాగుతుంది. ఈ కూడలికి బదిలీ మీద వచ్చే టీచరైనా, బ్యాంకు ఉద్యోగైనా, కొత్తగా ఎరువుల షాపు పెట్టుకునేవారైనా ముందు టీ కొట్టు దగ్గర ఒక మాట చెప్పి ఉంచుతారు. ఫలానా వీధిలో పోర్షన్ ఖాళీ అయిందని అక్కడే తెలుస్తుంది. ఓనరు ఇంటికి వెళ్లి కూర్చుంటే నాలుగు ప్రశ్నలు: ఏ ఊరు, ఏం పని, ఇంట్లో ఎంతమంది, ఎవరి తాలూకు? కరెంటు బిల్లు వేరు, మోటారు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వేస్తాం, అడ్వాన్సు ఒక నెలదో రెండు నెలలదో ఇవ్వండి. అంతే, సాయంత్రానికి సామాను దిగిపోతుంది. కాగితం ఒకరు అడగరు, ఇంకొకరు రాయరు.

ఈ పద్ధతిలో పెరిగిన పిల్లలే ఇప్పుడు డాలస్‌లో, టొరంటోలో, బర్మింగ్‌హామ్‌లో, మ్యూనిక్‌లో గది వెతుక్కుంటున్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మన దేశమే మొదటి స్థానంలో నిలిచింది. వారిలో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా వీసా కోసం చెన్నై రైలెక్కిన కుటుంబాలకు ఈ సంఖ్య ఎంత వేగంగా పెరిగిందో బాగా తెలుసు.

ఇంట్లో నెలల తరబడి లెక్కలు నడుస్తాయి. ఫీజు ఎంత, బ్యాంకు లోను ఎంత, టికెట్ ఎంత, సూట్‌కేసులో ఎన్ని కిలోలు పడతాయి. పచ్చళ్ల సీసాలకు కూడా తూకం వేస్తారు. విమానం దిగినాక ఉండేదెక్కడ అన్న ప్రశ్నకు మాత్రం చాలా ఇళ్లలో ఒకటే జవాబు: "సీనియర్లు ఉన్నారుగా, వాళ్లు చూసుకుంటారు." ఆ జవాబులో సగం బలం ఉంది. మిగతా సగం ప్రమాదం. ఈ రెంటినీ విడదీసి చూపించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందు బలం సంగతి.

పరాయి నగరంలో చౌక గది వెతుక్కోవడం తెలుగువారికి ఇవాళ కొత్తగా వచ్చిన కష్టం కాదు. నూరేళ్ల కిందట కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేల మంది ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్లేవారు. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం వారి బతుకుదెరువు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. కూలీకి టికెట్ డబ్బు అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రీ. పని చూపించేదీ, తల దాచుకునే చోటు చూపించేదీ అతనే. ఆ చోటు కూడా కిక్కిరిసిన బస గది. అప్పు, పని, పడక మూడూ ఒకే మనిషి చేతిలో ఉండడం వల్ల నోరెత్తిన కూలీకి ఒక్క రోజులో మూడూ పోయేవి. మన మనుషుల ద్వారా చోటు సంపాదించుకోవడం అప్పటి నుంచీ ఉన్న ఉపాయమే, దానికి లొంగిపోవడం అప్పటి నుంచీ ఉన్న ఇబ్బందే.

నేటి విద్యార్థికి ఆ ఉపాయం మరింత మెరుగ్గా అందుతోంది. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు కొత్తవారిని విమానాశ్రయం నుంచి తీసుకువస్తాయి, మొదటి కొన్ని రోజులు ఎవరో ఒక సీనియర్ ఫ్లాట్‌లో ఉంచుతాయి. హాల్లో పరుపు వేస్తారు, వంట కలిసి చేసుకుంటారు. ఊరు తెలియని పిల్లకో పిల్లాడికో ఆ కొద్ది రోజులు ఎంతో విలువైనవి. ఆ వ్యవధిలో నాలుగు ఫ్లాట్లు కళ్లారా చూడవచ్చు, బస్సు ఎక్కి కాలేజీకి ఎంతసేపు పడుతుందో తెలుసుకోవచ్చు, రాత్రి తొమ్మిదికి ఆ వీధి ఎలా ఉంటుందో నడిచి చూడవచ్చు. అందుకే అనుభవజ్ఞులు చెప్పే మొదటి సలహా ఇది: ఏడాది ఒప్పందాన్ని తల్లాడలో కూర్చుని ఖాయం చేసుకోవద్దు. ముందు తాత్కాలిక బస, అక్కడికి చేరాక పక్కా గది. యూనివర్సిటీ హాస్టల్లో మొదటి సెమిస్టరుకు చోటు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా దాన్ని వదులుకోకూడదు. మోసం భయం లేని ఆ నాలుగు నెలల్లో ఊరంతా తెలిసిపోతుంది.

ఇక అక్కడి ఓనరు ఏం చూస్తాడు? "ఎవరి తాలూకు" అని అడగడు. జీతం ఎంత, క్రెడిట్ స్కోరు ఎంత, ఇంతకుముందు ఉన్న ఇంట్లో అద్దె సరిగా కట్టారా, ఈ మూడూ చూస్తాడు. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్ కంపెనీలు నెల ఆదాయం అద్దెకు మూడు రెట్లు ఉండాలంటాయి. నిన్న దిగిన విద్యార్థికి జీతం లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, స్కోరు అసలే లేదు. ఈ చిక్కుకు దారులు ఉన్నాయి. యూనివర్సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు విదేశీ విద్యార్థులు అలవాటే కాబట్టి అడ్మిషన్ పత్రం, బ్యాంకు నిల్వ, విద్యా రుణం మంజూరు ఉత్తరం చూసి ఇల్లిచ్చేవారు ఉంటారు. లేదా అక్కడ స్థిరపడిన బంధువు జామీను సంతకం పెట్టాలి. అదీ కాకుంటే ఇప్పటికే ఒప్పందం ఉన్న ఫ్లాట్‌లో ఖాళీ అయిన చోటుకు ఓనరు అనుమతితో చేరాలి. వీటిలో ఏది కుదురుతుందో బయల్దేరకముందే తేల్చుకుంటే అక్కడ దిగాక కంగారు ఉండదు.

చౌక అంటే ఏమిటో కూడా సరిగా లెక్క వేయాలి.

టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ సంగతి చూడండి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ ఆర్లింగ్టన్ ఉన్న ఊరు అది, తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదువుకుంటున్న చోటు. జనాభా దాదాపు నాలుగు లక్షలు. అంత ఊరిలో రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సులు లేవు. ఉన్న ఒక్క బస్సు రూటునూ 2017లో ఆపేసి, ఫోన్‌లో పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లు పెట్టారు. అలాంటి ఊళ్లో కాలేజీకి ఆరేడు మైళ్ల దూరంలో నెలకు నూరు డాలర్లు తక్కువకు గది దొరికిందని సంబరపడితే, కారు కొనాల్సి వస్తుంది. కారుకు బీమా, పెట్రోలు, రిపేర్లు. కాలేజీకి నడిచి వెళ్లగల గది కాగితం మీద ఖరీదైనదిగా కనిపించినా ఏడాది చివర అదే చౌక అవుతుంది. అద్దెకు కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, అద్దెదారు బీమా, రాకపోకల ఖర్చు కలిపి వచ్చిన మొత్తాన్నే అద్దె అనుకోవాలి.

పంచుకోవడం వల్ల ఖర్చు తగ్గుతుంది. రెండు పడక గదుల ఫ్లాట్ 1,600 డాలర్లు అనుకుందాం. నలుగురు ఉంటే తలా 400. పడక గదికి ఇద్దరు అన్న లెక్కను అమెరికా గృహ నిర్మాణ శాఖ సాధారణంగా సమంజసమైనదిగా చూస్తుంది. ఆరుగురు, ఎనిమిది మంది చేరితే తలసరి భారం ఇంకా తగ్గుతుంది. కానీ ఒప్పందంలో పేర్లు లేనివారు అక్కడ ఉంటున్నట్టు బయటపడితే ఫ్లాట్‌లోని అందరినీ ఖాళీ చేయించే హక్కు ఓనరుకు రావచ్చు. పేరు లేనివారికి ఆ ఇంట్లో ఉండే హక్కు గట్టిగా నిలవదు.

ఇంకో సంగతి సంతకం పెట్టేముందు తప్పకుండా తెలియాలి. నలుగురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే, చాలా ఒప్పందాల్లో ఎవరి 400 డాలర్లకు వారు మాత్రమే బాధ్యులు కారు. ఒక్కొక్కరూ మొత్తం 1,600కు బాధ్యులు. చీటీ పాటలో జామీను సంతకం లాంటిదే ఇది. ఎత్తినవాడు కట్టకపోతే జామీను పెట్టినవారి తలుపు తడతారు. ఒక సెమిస్టరు అయ్యాక ఒకరికి వేరే రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్ వచ్చి వెళ్లిపోతే మిగతా ముగ్గురి మీద తలా 533 డాలర్లు పడుతుంది. అందుకే రూమ్మేట్ల మధ్య కూడా ఒక పేజీ ఒప్పందం ఉండాలి: ఎవరు ఎన్నాళ్లు ఉంటారు, మధ్యలో వెళ్తే బదులు మనిషిని ఎవరు తేవాలి, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడతారు. ఆ మొహమాటం తర్వాత స్నేహాన్ని కూడా మిగల్చదు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మోసం ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం.

ఏప్రిల్, మే నెలలు. ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. వీసా చేతికొచ్చింది. పిల్లవాడు ఫోన్‌లో ఒక ప్రకటన చూస్తాడు. యూనివర్సిటీకి నడిచేంత దూరం, సామానుతో సహా ఇల్లు, చెక్క నేల, కిటికీలోంచి చెట్లు. అద్దె చుట్టుపక్కల ధరలో సగం. మెసేజ్ పెడితే వెంటనే మర్యాదగా జవాబు వస్తుంది. "ఉద్యోగ రీత్యా నేను వేరే దేశంలో ఉన్నాను, ఇల్లు చూపించడానికి మనిషి లేడు. మీరు మంచి విద్యార్థిలా ఉన్నారు. మొదటి నెల అద్దె, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్‌లో పంపిస్తాను. ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, రేపటిలోగా చెప్పండి." నమ్మకం కోసం పాస్‌పోర్టు ఫొటో, ముద్ర వేసిన ఒప్పంద పత్రం కూడా పంపుతాడు. తండ్రి డబ్బు పంపిస్తాడు. కొరియర్ రాదు. ఫోన్ నంబరు పనిచేయదు. పిల్లవాడు వెళ్లి చూస్తే ఆ చిరునామాలో వేరే కుటుంబం కాపురముంటుంది. ఫొటోలు మాత్రం నిజమైనవే, ఎప్పుడో ఆ ఇల్లు అమ్మకానికి పెట్టినప్పటివి.

ఈ కథలో ప్రతి మలుపూ ముందే గుర్తుపట్టగలిగినదే. మార్కెట్ కంటే బాగా తక్కువ ధర, ఊళ్లో లేని ఓనరు, చూడకముందే డబ్బు, రేపటిలోగా అన్న తొందర, తిరిగి రాబట్టుకోలేని దారిలో చెల్లింపు. వైర్ ట్రాన్స్‌ఫర్, గిఫ్ట్ కార్డు, క్రిప్టో అడిగితే అది మోసమేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. సరిచూసుకునే దారులూ సులువైనవే. టెక్సస్‌లో ఏ ఇల్లు ఎవరి పేరున ఉందో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డుల్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఆ ఊళ్లో ఉన్న తెలిసినవారిని పంపి, వారి ఫోన్‌లో వీడియో కాల్ పెట్టించి, కుళాయి తిప్పించి, కిటికీ తీయించి, బయట ఇంటి నంబరు చూపించమనాలి. అలా చూపించడానికి ఒప్పుకోని ఓనరుతో మాట అక్కడితో ఆపేయాలి.

మోసగాడు ఎప్పుడూ పరాయివాడే అనుకోవడం మరో పొరపాటు. తెలుగులో మాట్లాడతాడు, మన జిల్లా పేరు చెబుతాడు, "అన్నా" అని పిలుస్తాడు. మన భాష వినగానే రసీదు అడగడం మానేస్తాం. ఉద్యోగం చూపిస్తామనే కొన్ని కన్సల్టెన్సీల గెస్ట్‌హౌస్‌లలో కూడా అదే మొహమాటం నడుస్తుంది. పనీ పడకా ఒకే చేతిలో ఉన్నప్పుడు రంగూన్ మేస్త్రీ కాలం నాటి లొంగుబాటు మళ్లీ వస్తుంది. డబ్బు ఎవరికి ఇచ్చినా, ఎంత దగ్గరివారికి ఇచ్చినా, బ్యాంకు ద్వారా ఇవ్వాలి, ఎందుకు ఇచ్చారో ఒక ఈమెయిలులో రాయించుకోవాలి.

విదేశీ చట్టాలు అద్దెదారుకు ఇచ్చే రక్షణ తెలిస్తే ఈ జాగ్రత్తలకు బలం వస్తుంది. దేశం దేశానికీ చట్టం వేరు. ముఖ్యమైనవి కొన్ని చూద్దాం.

అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి నియమం మారుతుంది. న్యూజెర్సీలో అడ్వాన్సు నెలన్నర అద్దె మించకూడదు. న్యూయార్క్‌లో 2019 చట్టం ప్రకారం ఒక్క నెలే, దరఖాస్తు పరిశీలనకు 20 డాలర్లకు మించి వసూలు చేయకూడదు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి చాలా ఇళ్లకు ఒక నెల పరిమితి వచ్చింది. టెక్సస్‌లో అలాంటి పరిమితి లేదు. కానీ ఖాళీ చేశాక కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇస్తే 30 రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలి, కోత పెడితే లెక్క చూపాలి. ఆ చిరునామా రాసి ఇవ్వకపోవడం వల్లే ఎంతోమంది అడ్వాన్సు పోగొట్టుకుంటారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఇల్లు మారిన 10 రోజుల్లోగా యూనివర్సిటీ అధికారికి కొత్త చిరునామా తెలపాలన్నది ఇమిగ్రేషన్ నిబంధన. పేరు లేని గదిలో గుట్టుగా ఉంటే ఈ నిబంధన దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఇంగ్లండ్‌లో ఓనరు ముందుగా అద్దెకు ఉండే హక్కు ఉందా లేదా అని ఇమిగ్రేషన్ స్థితి చూస్తాడు. 2016 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ అంతటా ఇది తప్పనిసరి. 2019లో వచ్చిన టెనంట్ ఫీజెస్ చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్న ఇళ్లకు అడ్వాన్సు ఐదు వారాల అద్దె మించకూడదు. ఆ డబ్బును ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ పథకంలో ఉంచాలి. ఉంచకపోతే కోర్టు జరిమానా వేస్తుంది. అక్కడ మన పిల్లలకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి జామీను. బ్రిటన్‌లో ఉండే గ్యారంటర్ లేకపోతే ఆరు నెలల అద్దె ముందే అడిగే అలవాటు చాలాకాలం నడిచింది. 2025లో చేసిన రెంటర్స్ రైట్స్ చట్టం దానికి అడ్డుకట్ట వేసింది. ప్రైవేటు అద్దె ఇళ్లకు 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. కొన్ని యూనివర్సిటీలు తమ విద్యార్థులకు తామే జామీను ఉంటాయి. అడ్మిషన్ రాగానే ఆ సంగతి ఈమెయిలులో అడగాలి.

కెనడాలో ఒంటారియో నియమం వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. అక్కడ ఇంటికి నష్టం జరిగితే అన్న పేరుతో అడ్వాన్సు తీసుకోవడమే చట్టవిరుద్ధం. చివరి నెల అద్దెను మాత్రం ముందు తీసుకోవచ్చు, దాన్ని చివరి నెలకే సర్దాలి. 2018 ఏప్రిల్ 30 నుంచి అక్కడ ప్రభుత్వమే రూపొందించిన ప్రామాణిక ఒప్పంద పత్రం వాడాలి. బ్రాంప్టన్ ప్రాంతంలో ఇళ్ల బేస్‌మెంట్ గదులు అద్దెకు దొరుకుతాయి. అక్కడ చౌకగా ఉండేవి ఎక్కువగా అవే. అలాంటి గది తీసుకునేముందు నిప్పంటుకుంటే బయటపడడానికి దారి ఎక్కడుందో, కిటికీ మనిషి పట్టేంత ఉందో, పొగ అలారం పనిచేస్తుందో చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. విద్యార్థి చూపాల్సిన జీవన వ్యయం మొత్తాన్ని కెనడా 2024 జనవరి 1 నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది, ఆ తర్వాత కూడా ఇంకా పెంచింది. పాత మొత్తం అక్కడ బతకడానికి చాలడం లేదని ఆ దేశ ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట.

ఆస్ట్రేలియాలో అద్దె వారానికి చెబుతారు. వారానికి 300 డాలర్లంటే నెలకు 1,200 అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు కాబట్టి నిజానికి నెలకు 1,300 పడుతుంది. ఏడాదిలో ఆ తేడా 1,200 డాలర్లు. న్యూ సౌత్ వేల్స్‌లో అడ్వాన్సు నాలుగు వారాల అద్దె మించకూడదు. అది ఓనరు జేబులో కాక ప్రభుత్వం దగ్గర జమ అవుతుంది.

జర్మనీ సంగతి కాస్త నిలిచి వినాలి. ఫీజు నామమాత్రమని వెళ్లే పిల్లలకు అసలు పరీక్ష ఇల్లే. వీసాకు ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, చూపాలి. నెలకు 992 అన్నమాట. మ్యూనిక్ లాంటి నగరంలో ఆ 992లో పెద్ద ముక్క గదికే పోతుంది. ప్రకటనలో కనిపించేది తరచుగా కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె. కలిపినదాన్ని వార్మ్‌మీటె అంటారు. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దాని పైన. ఫ్లాట్ తీసుకుంటే వంటగదిలో సింకు, పొయ్యి కూడా లేకుండా ఖాళీ గోడలే కనిపించవచ్చు. అందుకే విద్యార్థులకు వేగె అని పిలిచే పంచుకునే ఫ్లాట్లు, ష్టుడీరెండెన్‌వెర్క్ సంస్థలు నడిపే హాస్టళ్లే అనువు. హాస్టల్ వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది కాబట్టి అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టాలి. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది.

ఇంకో కాగితం అక్కడ అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో చేరిన రెండు వారాల్లో పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లిచ్చినవారు రాసి సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. రెసిడెన్స్ పర్మిట్, బ్యాంకు పనులు ఆ నమోదుతో ముడిపడి ఉంటాయి. "గది ఇస్తాను, రిజిస్ట్రేషన్ మాత్రం కుదరదు" అని ఎవరైనా అంటే ఆ గది ఎంత చౌకైనా ఎక్కువ రోజులకు తీసుకోకూడదు.

తాళం చేతికొచ్చిన మొదటి గంట కూడా డబ్బు మిగిల్చే గంటే. సామాను లోపలికి తేకముందే ఫోన్ తీసి గదులన్నీ వీడియో తీయాలి. కార్పెట్ మీద పాత మరక, గోడకు మేకు కన్నం, పగిలిన స్విచ్, వెలగని పొయ్యి బర్నర్, ఫ్రిజ్ తలుపు రబ్బరు, బాత్రూం పైకప్పు మీద నల్లగా పట్టిన బూజు, ప్రతిదీ తారీఖుతో సహా ఓనరుకు ఈమెయిలులో పంపాలి. లేకపోతే ఏడాది తర్వాత అవన్నీ మన ఖాతాలోనే పడతాయి. మన వంటకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు కావాలి. తెల్లటి కౌంటర్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి, ఆరితే వదలదు. తాలింపు వేసేటప్పుడు చిమ్నీ వేసి కిటికీ తీయాలి, ఎండుమిర్చి పొగకు అలారం మోగుతుంది. అలారం గోల భరించలేక దానికి ప్లాస్టిక్ కవరు కట్టే అలవాటు కొన్ని గదుల్లో ఉంది. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, ఒప్పంద ఉల్లంఘన కూడా.

మన ఊళ్లో అద్దె అడిగితే ఎదురయ్యే ఒక ప్రశ్న గురించి కూడా చెప్పాలి. "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాక పోర్షన్ ఖాళీ లేదని విన్నవారు ఈ జిల్లాలోనూ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. సముద్రాలు దాటినా ఆ ప్రశ్న కొందరి నోట వెంట వెళ్లింది. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. తర్వాత స్త్రీ పురుష భేదం, వైకల్యం, పిల్లలున్న కుటుంబం కూడా అందులో చేరాయి. 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగర పాలక మండలి కులవివక్షను కూడా నిషేధించింది. ఆ నిషేధం ఉద్యోగంతో పాటు ఇంటికీ వర్తిస్తుంది.  తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల సాయంతో దళిత, గిరిజన విద్యార్థులు విదేశాలకు వెళ్తున్న కాలం ఇది. అక్కడ గది అడిగినప్పుడు కులం చెప్పాల్సిన పని లేదని ఆ పిల్లలకు తెలియాలి. గది ఇచ్చే తెలుగువారికి అది ఇంకా బాగా తెలియాలి.

కాగితం అలవాటు ఇంటి దగ్గరే మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. కేంద్రం 2021లో రూపొందించిన మోడల్ టెనెన్సీ చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలని, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని సూచించింది. దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. హైదరాబాద్‌లో హాస్టల్ గదికి అడ్వాన్సు కట్టినా రసీదు తీసుకోవడం, ఒప్పందం చదివి సంతకం పెట్టడం పిల్లలకు ఇంటర్ అయ్యాకే నేర్పవచ్చు. పెద్ద నగరంలో మొదటిసారి గది తీసుకునేది అమీర్‌పేటలోనో ఎస్.ఆర్. నగర్‌లోనో కాబట్టి ఆ పాఠం అక్కడే అయిపోవాలి.

తల్లిదండ్రులు బ్యాంకు లోను అడిగేటప్పుడు అద్దె పద్దును నెలవారీ ఖర్చుగా మాత్రమే చూపకూడదు. మొదటి నెలలో ఒక్కసారిగా పడేది వేరే ఉంది: మొదటి నెల అద్దె, అడ్వాన్సు, తాత్కాలిక బస, పరుపు, గిన్నెలు, చలికోటు. కనీసం మూడు నెలల అద్దెకు సరిపడే మొత్తం చేతికి అందేలా పెట్టుకోవాలి. పార్ట్‌టైమ్ జీతాన్ని ఈ లెక్కలో కలపకూడదు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి, ఆ పని కూడా దిగిన వెంటనే దొరకదు. అద్దె కోసం అనుమతి లేని పనికి వెళ్తే పోయేది వీసాయే.

ఇప్పటికే అక్కడ ఉన్న సీనియర్లకు ఒక విన్నపం. ఆగస్టులో మీ ఊరి పిల్ల ఎవరైనా మీ ఫ్లాట్‌లో దిగితే, భోజనం పెట్టి ఊరుకోకండి. ఆమెను వెంటబెట్టుకుని లీజింగ్ ఆఫీసుకు వెళ్లండి, ఒప్పందంలో ఆమె పేరు ఎక్కించండి, అడ్వాన్సు రసీదు ఆమె పేరు మీదే ఇప్పించండి. తల్లాడలో, వైరాలో, ఏన్కూరులో ఉన్న అమ్మానాన్నలకు ఇంకో విన్నపం. అమ్మాయి ఫోన్ చేసి గది దొరికిందని చెప్పినప్పుడు అద్దె ఎంతని అడగడంతో ఆపకండి. ఒప్పందం కాపీ, అడ్వాన్సు రసీదు, ఇంటి పూర్తి చిరునామా, ఓనరు ఫోన్ నంబరు వాట్సాప్‌లో పంపమని చెప్పి, ఆ నాలుగూ వచ్చాకే తర్వాతి నెల డబ్బు పంపండి.